ముప్పై నాలుగు డిగ్రీలు

ఒలవర్రియాలో జులై అంటే నడి చలికాలం.
సిమెంటు ఫ్యాక్టరీ రంగు తెల్లవారుజాము
షెడ్డు రేకుల మీద మంచై పేరుకుంది.
అన్సెల్మో ముసలాయన మాతే తాగుతూ
ఇంజన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు,
ఎవరి పెళ్ళిలోనో వంట రుచి చూడ్డానికొచ్చిన పెద్దమనిషిలా.

టొరీనో. ఆరు సిలిండర్లు.
పదకొండు నెలలు ఆ బల్ల మీద
నూనె గుడ్డల కింద విడివిడిగా పడుకున్నాయి.
కొత్త పిస్టన్లు, కొత్త కామ్, చెక్కి చదును చేసిన హెడ్డు.
అన్నీ బిగిశాయి. ఇక మిగిలింది
నిప్పు ఎప్పుడు పుట్టాలన్న ముహూర్తం.

నలభై ఏళ్ళు ఆ ముహూర్తం చెవితోనే పెట్టాడాయన.
డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి తిప్పడం, తల వంచడం, అంతే.
సైలెన్సర్ లేని గొట్టాల పక్కన నలభై ఏళ్ళు.
ఇప్పుడా రెండు చెవులూ షట్టర్ దించేసిన దుకాణాలు.
అందుకే ఈ లైటు. అందుకే నేను.

"పుల్లీ మీద సున్నాని నమ్మకు యమీలా,"
వీధి చివరికి వినపడేలా అన్నాడు,
"రబ్బరు ముసలిదైతే గీత జారుతుంది."
మొదటి సిలిండర్ ప్లగ్గు తీసి, అక్కడో పొడుగు బోల్టు దించాం.
చేత్తో ఇటు తిప్పాం, పిస్టన్ తగిలింది. సుద్ద గీత.
అటు తిప్పాం, తగిలింది. ఇంకో గీత.
రెంటి నడుమా కొలిచి
నా గోళ్ళరంగు సీసాలోంచి ఒక తెల్ల చుక్క.
అదీ అసలు శిఖరం.
పాత సున్నాకి తొమ్మిది డిగ్రీల దూరం.
తొమ్మిది!
సులేమా మొగుడు బతికుండగా
ఈ బండి ఎన్నేళ్ళు తప్పు లగ్నంలో నడిచిందో.

ఒకటి ఐదు మూడు, ఆరు రెండు నాలుగు.
వైర్లు తగిలిస్తూ ఎక్కంలా వల్లించాను.
అయినా తాళం తిప్పగానే
కార్బురేటర్ నోరు తెరిచి మంట ఉమ్మింది.
ఎడమ కనుబొమ్మ సగం పోయింది.
డిస్ట్రిబ్యూటర్ని సరిగ్గా అరచుట్టు తప్పుగా దించానట.
ఆయన అరవలేదు. మాతే బుర్ర నా చేతిలో పెట్టి
తనే పైకి లాగి, తిప్పి, దించాడు.

రెండోసారి పలికింది.
కొత్త కామ్ కోసం ఇరవై నిమిషాలు, రెండు వేల మీద,
పొగ నిండిన షెడ్డులో, ఆపకుండా,
పసిబిడ్డకి తొలి స్నానం పోసినంత భయంగా.

అప్పుడు వాక్యూమ్ గొట్టం ఊడదీసి, మూతి మూసి
లైటు గురిపెట్టాను.
ఆ మెరుపుల కింద
గిరగిరా తిరుగుతున్న పుల్లీ నిలబడిపోయింది,
నా తెల్ల చుక్క గోడ మీది బల్లిలా కదలక మెదలక.
ఆయన వంగి చూశాడు.
ఏమీ అనలేదు. ముక్కు తుడుచుకున్నాడు, చలేమో.

నిప్పుకీ ఒళ్ళు విరుచుకునే వేళ కావాలి.
పిస్టన్ కొండ దిగుతుంటే పుట్టిన నిప్పు
బస్సు వెళ్ళాక ఊపిన చెయ్యి.
మరీ ముందే పుడితే, ఎక్కేవాడి నెత్తిన సుత్తి.
మూడు వేల ఐదొందల దగ్గర ముప్పై ఆరు పెట్టమన్నాడు.
పెట్టాను.

క్వారీ రోడ్డు ఎత్తులో, టాప్ గేరులో, అడుగంటా తొక్కాడు.
నాకు వినిపించింది:
రేకు డబ్బాలో శనగలు ఆడించినట్టు సన్నని గలగల.
ఆయన నవ్వుతూ రోడ్డునే చూస్తున్నాడు.
భుజం తట్టి, వేళ్ళు వేళ్ళకి రాపాడించి చూపాను.
చటుక్కున కాలు ఎత్తేశాడు.
రెండు వేళ్ళు చూపాడు: రెండు డిగ్రీలు వెనక్కా?
ఆరేళ్ళలో నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

రోడ్డు పక్కనే బానెట్ ఎత్తి,
వేడికి మోచేతులు చురుక్కుమంటుంటే, ముప్పై నాలుగు.
బోల్టు బిగిస్తూంటే చుక్క
వెంట్రుకంత పక్కకి జరిగింది.
మళ్ళీ వదులు చెయ్యబోయాను.
నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఉండనీ. దానికీ కాస్త సొంత బుద్ధి ఉండాలి."

ఆదివారం సులేమా వస్తుంది బండి కోసం.
అప్పటికి నా కనుబొమ్మ మాత్రం రాదు.